నీళ్ళ పండగ తప్పించుకుని పామర్రు వెళ్ళొచ్చాను

బ్యాంకాక్‌లో ఏప్రిల్ నెల వస్తుందంటే నాకు నిద్ర పట్టదు. సొంగ్‌క్రాన్ అని ఇక్కడివాళ్ళ కొత్త సంవత్సరం, నీళ్ళ పండగ. మూడు రోజుల పాటు దారినపోయేవాళ్ళ మీదల్లా నీళ్ళు పోస్తారు. పోయడమంటే చెంబుడో దోసెడో కాదు. బండ్ల మీద డ్రమ్ములు పెట్టుకుని, వాటిలో ఐసు గడ్డలు వేసి, బకెట్లతో కుమ్మరిస్తారు. నేను ఇక్కడ మా చెల్లెలి కొడుకు శీను నడిపే తెలుగు మెస్‌లో వంట చేస్తాను. మా ఆయన పోయాక వచ్చాను, ఆరేళ్ళయింది. పోయినేడు పండగ రోజు కరివేపాకు కోసం సందు చివరిదాకా వెళ్తే, ఎవరో కుర్రాళ్ళు వీపు మీద ఐసు నీళ్ళు గుమ్మరించి, ముఖానికి సున్నంలాంటి తెల్లముద్ద పూసి, చేతులు జోడించి నవ్వుతూ వెళ్ళిపోయారు. వారం రోజులు చెవిపోటు. ఈ ఏడు కంటికి శుక్లం ఆపరేషన్ కూడా అయింది, నీళ్ళు పడితే ఏమవుతుందోనని మరీ గుబులు. ఇక్కడి మన తెలుగువాళ్ళు సగం మంది ముందే సరుకులు తెచ్చుకుని తలుపులు వేసుకుంటారు, సగం మంది ఊరు దాటిపోతారు. మెస్ ఎలాగూ మూసేస్తారు కాబట్టి శీను పెళ్ళాంబిడ్డలతో కొండల వైపు బయలుదేరాడు. నేను మా ఊరు వెళ్తానన్నాను. చదివింది అయిదో తరగతే, తప్పులుంటే సర్దుకోండి. నాలాగే తప్పించుకుని వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

తప్పించుకోవడం ఒక్కటే కాదు, ఒక విషయం తేల్చుకోవాల్సి కూడా ఉంది. టిక్కెట్టు తీసేటప్పుడు శీను అన్నాడు:

"పెద్దమ్మా, వెళ్ళేదేదో తేల్చుకుని రా. ఉంటానంటే నీ పర్మిట్టు ఇంకో ఏడాదికి రాయిస్తాను. ఊళ్ళోనే ఉండిపోతానంటే అదీ చెప్పెయ్యి, వేరే మనిషిని చూసుకోవాలి."

"వాళ్ళనడగాలి కదరా."

"ఎవర్ని? నీ ఇల్లేగా!"

"అయినా అడగాలి," అన్నాను.

ఇల్లు మా ఆయనదీ, మా మరిది సాంబయ్యదీ. ఇప్పుడు అందులో సాంబయ్య, అతని భార్య పద్మ ఉంటున్నారు. ఒకే వంటింట్లో ఇరవై ఏళ్ళు కలిసి వండుకున్నాం నేనూ పద్మా. అయినా ఉండిపోతానని ఎలా అడగాలో తెలియలేదు.

బయలుదేరే రోజు మెస్‌లో అంట్లు తోమే నోయ్ వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, నన్ను 'పా' అంటుంది, వాళ్ళ భాషలో పెద్దమ్మ అన్నట్టు. ప్రతి ఏడూ పండక్కి తన ఊరు వెళ్ళేముందు చిన్న గిన్నెలో మల్లెపూలు వేసిన నీళ్ళు పట్టుకొస్తుంది. "పా, చెయ్యి," అంటుంది. నేను నేర్పిన పది తెలుగు ముక్కల్లో అదొకటి. ప్రతి ఏడూ నేను చేతులు కొంగులో దాచుకుని, "వద్దమ్మా, జలుబు చేస్తుంది," అంటాను. ఈసారీ అదే అన్నాను. ఆ బకెట్ల గోలలో ఇదీ ఒక భాగం అనుకునేదాన్ని. "అయ్యో, పా," అని నవ్వి గిన్నె పట్టుకుని వెళ్ళిపోయింది.

హైదరాబాద్‌కి విమానం నాలుగు గంటల లోపే. రానూపోనూ టిక్కెట్టు ఇరవై వేలు దాటింది. పండగ దగ్గర పడేకొద్దీ పెరుగుతుందట, ముందే తీసుకోండి. తెల్లారేసరికి దిగాను. పాస్‌పోర్టు జాకెట్లో పెట్టుకున్న గుడ్డసంచిలో ఉందా లేదా అని తడుముకుంటూనే ఉన్నాను. నన్ను చూసి పక్కసీటు ఆయన, "అమ్మా, ఛాతీలో నొప్పా?" అని అడిగాడు. విమానాశ్రయం నుంచి ఎల్బీ నగర్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి విజయవాడకి ఇంకో బస్సు. ఏసీ బస్సుకి ఆరేడు వందలవుతుంది. మధ్యలో టిఫినుకి ఆపుతారు గానీ నేను దిగలేదు, బస్సు వదిలేసి వెళ్ళిపోతే ఎవర్నడగాలి? మధ్యాహ్నం ఒంటిగంటకి విజయవాడ బస్టాండులో కాలు పెడితే ఎండ పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు చురచురలాడింది. ఇదే కదా నా ఊరి ఎండ అని ఒక్క నిమిషం సంతోషంగానే ఉంది.

బందరు వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఇప్పుడు ఆంధ్రాలో ఆడవాళ్ళకి ఆ బస్సుల్లో టిక్కెట్టు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. దానికీ నాకు భయమే. ఆరేళ్ళుగా దేశంలోనే లేను, కార్డు చెల్లుతుందో లేదో.

"ఆధార్ అమ్మా," అన్నాడు కండక్టరు.

"ఫొటో నాదేనండీ. అప్పుడు జుట్టు నల్లగా ఉండేది."

"ఫొటో ఎవరు చూస్తారమ్మా, నా ఫొటో చూస్తే మా ఆవిడే గుర్తుపట్టదు. ఎడ్రసు మనదేగా?" కార్డు తిప్పి చూశాడు. "పామర్రు పక్కనే. కూర్చోండి," అని సున్నా టిక్కెట్టు చింపి చేతిలో పెట్టాడు.

ఆ చీటీ ఎందుకో చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాను. ఈ ఊరిదాన్నే అని ఎవరో రాసిచ్చినట్టనిపించింది.

కంకిపాడు దాటాక పక్కనే బందరు కాలువ కనిపిస్తూ ఉంటుంది. కిటికీలోంచి చూస్తే నీళ్ళు లేవు. అడుగున బురద, అక్కడక్కడ గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సీసాలు. నా పక్కన ఉయ్యూరులో దిగే ఆవిడ కూర్చుంది, ఒళ్ళో తాటిముంజెల సంచి.

"కాలువ ఎండిపోయిందేంటండీ?" అన్నాను.

"కట్టేశారుగా! ఏప్రిల్లో కట్టేస్తారు, మళ్ళీ వదిలేది జూన్‌లోనే. మీది ఈ ఊరు కాదా?"

"ఈ ఊరేనండీ. మర్చిపోయాను." చిన్నతనంగా అనిపించి, నేను ఎందుకు వచ్చానో చెప్పాను. బకెట్లు, డ్రమ్ములు, ఐసు, అన్నీ.

ఆవిడ నోరు తెరిచి విని, "అన్ని నీళ్ళు రోడ్డు మీద పారబోస్తారా! ఓ డ్రమ్ము ఇటు పంపమనండి, మాకు కుళాయి రోజు మార్చి రోజు," అంది. తరవాత నన్ను కిందికీ పైకీ చూసి, "అయితే నీళ్ళకి భయపడి నీళ్ళు లేని చోటికి వచ్చారన్నమాట. బాగుందండీ మీ తెలివి!" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఉయ్యూరులో దిగుతూ రెండు ముంజెలు నా ఒళ్ళో వేసి వెళ్ళింది.

విజయవాడ నుంచి పామర్రుకి గంటంపావు పట్టింది. అక్కడి నుంచి లోపలికి మా ఊరికి ఆటో. మనిషికి ముప్పై అని, నా పెట్టె చూసి వంద అన్నాడు. బేరమాడితే దింపేస్తాడేమోనని ఇచ్చేశాను, మీరు మాత్రం ఆడండి. మినుము కోసేసిన పొలాలు బోసిగా ఉన్నాయి. దారి పొడవునా అడగాల్సిన మాట నోట్లోనే చెప్పుకున్నాను. "పద్మా, ఇక నేనూ ఇక్కడే ఉంటానే." ఒకసారి నవ్వుతూ, ఒకసారి మామూలుగా. ఏదీ కుదరలేదు.

పద్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. చెయ్యి పట్టుకుంది, ఎంత చిక్కిపోయావక్కా అంది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. నేను పెట్టె అరుగు మీద పెట్టి, ఎప్పటిలాగే కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లో కుళాయి దగ్గరికి నడిచాను.

"అటు కాదక్కా, అక్కడంతా పాకుడు, జారతావు. ఇక్కడే కూర్చో," అని పద్మ లోపలికి పరుగెత్తింది.

ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చింది. భుజాన కొత్త తువ్వాలు, మడత కూడా విప్పనిది. వెనకాలే స్టీలు పళ్ళెంలో మంచినీళ్ళ గ్లాసు. ఆ గ్లాసులు నాకు తెలుసు. నేనే కొన్నాను, పై అరలో పెట్టి, చుట్టాలొస్తే తప్ప తియ్యవద్దని చెప్పింది కూడా నేనే. పద్మ కొత్తకోడలుగా వచ్చిన వారంలో నేర్పాను: ఇంటికి వచ్చినవాళ్ళకి ముందు కాళ్ళకి నీళ్ళివ్వాలి, కొత్త తువ్వాలివ్వాలి, ఆ తరవాతే మాట్లాడించాలి. ఇంట్లోవాళ్ళు కుళాయి దగ్గరికి వాళ్ళే పోతారు.

పద్మ ఏదీ మర్చిపోలేదు. వంగి నా కాళ్ళ మీద నీళ్ళు పోసింది. చల్లగా ఉన్నాయి. అరుగు మీద కూర్చుని, ఇరవై ఏళ్ళు నేను కళ్ళాపి చల్లిన వాకిలిని చూస్తూ, చుట్టంలా కాళ్ళు కడిగించుకున్నాను.

సాంబయ్య పొలం నుంచి వచ్చాడు. నా గదిలో మినుముల బస్తాలున్నాయట. నడుంనొప్పి మనిషి, వద్దన్నా వినకుండా ఒక్కొక్కటే ఈడ్చి వసారాలోకి చేర్చాడు. కూలరు తెచ్చి పెట్టాడు. చెమట తుడుచుకుంటూ, "నీకెప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రా వదినా, ఇది నీ ఇల్లే," అన్నాడు. మనసారా అన్నాడు, అందులో సందేహం లేదు. కానీ ఇంట్లోవాళ్ళతో ఇది నీ ఇల్లే అని ఎవరూ అనరు.

అన్నాలప్పుడు గుత్తివంకాయ, గడ్డపెరుగు. వడ్డించబోతే పద్మ గరిటె లాక్కుంది. "రోజూ వండేదానివేగా అక్కా, ఇక్కడైనా కూర్చుని తిను." అడగాల్సిన మాట రెండుసార్లు గొంతుదాకా వచ్చింది. వసారాలో బస్తాల వైపు చూశాను, సాంబయ్య నడుం పట్టుకుని కూర్చున్న తీరు చూశాను. పెరుగు కలుపుకుని తినేసి లేచాను.

మర్నాడు పొద్దున్నే కాలువ రేవు దగ్గరికి వెళ్ళాను. బట్టలుతికిన మెట్లు అలాగే ఉన్నాయి, ఇంకా రెండు మెట్లు ఎక్కువ కనిపించాయి, నీళ్ళున్నప్పుడు ఎప్పుడూ చూడనివి. అడుగు పగుళ్ళిచ్చింది. పలకరించేవాళ్ళు ఎవరూ రాలేదు. ఇప్పుడు అందరికీ ఇళ్ళలో మిషన్లున్నాయిగా. మెట్టు మీద కూర్చుంటే ఫోను మోగింది. నోయ్, వీడియోలో.

వాళ్ళ ఊళ్ళో అది పండగ రెండో రోజు. ఎక్కడా బకెట్లు లేవు, అరుపులు లేవు. వాళ్ళమ్మ చాప మీద రెండు చేతులూ చాచి కూర్చుంది. ఒక్కొక్కరే మోకాళ్ళ మీద కూర్చుని ఆ చేతుల మీద మల్లెల నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తున్నారు. ఆ ముసలావిడ ఏదో గొణుగుతూ వాళ్ళ తల నిమురుతోంది. ఇంటి పెద్దలకే అలా పోస్తారని, దీవెన తీసుకుంటారని నోయ్ సగం సైగలతో చెప్పింది. ఆరేళ్ళుగా నా దగ్గరికి గిన్నె పట్టుకొస్తున్నది ఇందుకని అప్పుడు తెలిసింది.

"పా, చెయ్యి," అంది.

చుట్టూ చూశాను, ఎవరూ లేరు. ఫోను మెట్టు మీద ఆనించి, రెండు చేతులూ చాచాను. నోయ్ అక్కడ గిన్నె వంచింది. నీళ్ళు అక్కడే, వాళ్ళ చాప పక్కన పడ్డాయి. నా చేతులు పొడిగా ఉన్నాయి. అయినా, "చల్లగా ఉండమ్మా," అన్నాను. మాట నోయ్‌కి అర్థమైందో లేదో, తల మాత్రం వంచింది.

ఆ సాయంత్రం శీనుకి ఫోను చేసి, పర్మిట్టు రాయించమని చెప్పాను. "అడిగావా?" అన్నాడు. అడగలేదన్నాను. మూడో రోజు బయలుదేరాను. పద్మ మినప సున్నుండలు కట్టిచ్చింది, ఆటో మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. బస్సులో ఈసారి వేరే కండక్టరు. కార్డు చూసి అదే సున్నా టిక్కెట్టిచ్చాడు.

ఇప్పుడు మెస్ పైగదిలో కూర్చుని రాస్తున్నాను. శీను వాళ్ళు ఇంకా రాలేదు. రోడ్డంతా తెల్లముద్ద మరకలు ఎండిపోయి ఉన్నాయి. ఇంత పెద్ద ఊళ్ళో ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. మన అనుకున్న చోట ఎవరూ తప్పు చెయ్యకుండానే మనం చుట్టాలమైపోతాం, అది ఎప్పుడు జరిగిందో ఎవరికీ తెలియదు. ఎవర్నీ నిందించడానికి లేదు, అదే కష్టం. నోయ్ ఎల్లుండి వస్తుందట. రాకపోతే, బస్సు దొరక్కపోతే, వాళ్ళమ్మకి ఏమైనా అయితే అని లేనిపోని ఆలోచనలు. సందు చివర మల్లెపూలు మూర తెచ్చి తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను, అంతవరకు నిలుస్తాయో లేదో.

సొంగ్‌క్రాన్‌కి భయపడే మన తెలుగువాళ్ళకి ఒక్క మాట. బకెట్ల గోల పెందలాడే మొదలవ్వదు, ఎండ ఎక్కాకే. తలుపులు అప్పుడు వేసుకోండి. పొద్దున్నే మీ మెట్ల దగ్గర ఎవరైనా చిన్న గిన్నెతో నిలబడితే మాత్రం తలుపు తీసి చేతులు చాచండి. ఆ నీళ్ళకి జలుబు చెయ్యదు.