నీళ్ల పట్టీ, ఎదురింటి వదిన

ఈ రోజు పొద్దున్న గుణుపురంలో ఉన్న మా అక్క దగ్గరికి బయలుదేరబోయాను. ఆవిడకి కంటి ఆపరేషన్ అయింది, పది రోజులు తోడుండాలి. సంచి సర్దుకున్నాక కబురొచ్చింది: మా రాయగడ కాలనీకి రేపటి నుంచి నీళ్లు గంట ముందే వదుల్తారట. ఈ ఎండల్లో రెండు రోజులకోసారి వేళ మారుస్తున్నారు.

ఏ ఇంటికి ఎప్పుడు నీళ్లో చూపించే పట్టీని ఏడేళ్ల క్రితం కంప్యూటర్లో నేనే తయారుచేశాను. కొత్త ఇల్లు చేరినప్పుడల్లా పక్కింటి వరసకే నకలు తీసి పేరు మార్చేదాన్ని. ప్రతి వరసలోనూ వేళ విడిగా రాసి ఉంది, అందుకని ఇప్పుడు ముప్పై రెండు చోట్ల మార్చాలి. ఆ పనిలో ఉండగానే బస్సు వెళ్లిపోయింది.

విశాఖలో ప్రోగ్రాములు రాసే మా చెల్లి కూతురికి ఫోను చేశాను.

"పెద్దమ్మా, నీళ్లు వదిలే వేళ ఒక్క గడిలోనే రాయి. మిగతా ఇళ్లన్నీ దాన్ని చూసి లెక్క కట్టుకునేలా పెట్టు. అప్పుడు ఎవరైనా మార్చేయొచ్చు" అంది.

సాయంత్రానికి అలాగే చేసి, ఎదురింటి కాంతం వదినను పిలిచి, నేను లేనప్పుడు మార్చమని ఆ గడి చూపించాను.

"నాను ముట్టనమ్మా! మా కోడలు సెయ్యెట్టిందని ఆ రోజు ఎన్నేసి మాటలన్నారు!"

"ఇప్పుడు పాడవదు వదినా."

"మళ్లీ వేళ మారితే మీరే వచ్చేయండి. గుణుపురమెంత దూరమేటి?"

ఏడేళ్లుగా పట్టీని ముట్టుకోవద్దని కాలనీలో అందరినీ కసిరింది నేనే. పట్టీ ఒక్క పూటలో బాగుపడింది, వాళ్ల భయం ఎన్నాళ్లకు పోతుందో! ఇందాక అక్క ఫోను చేసి "రేపైనా వస్తావేటి?" అంది. ఏం చెప్పమంటారు?