లేదంటే లేదనే రాసిన లైబ్రరీ సారు

రెండు వారాల కింద మంగళవారం మా అన్న సుల్తానాబాద్‌లో బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. కాళ్లు కూడా కడుక్కోకుండా, "లైబ్రరీ సారు పోయిండు చెల్లె" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయనతో నా పోట్లాట ఇంకా సగంలోనే ఉంది. అది తేలకుండా పోవడమేమిటి! పోయినవాళ్లంతా మంచివాళ్లయిపోతారంటారు. మా సారు మంచివారే, కాదనను. కానీ మనిషిని విసిగించడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

మా ఊళ్లో పాత సర్కారు కచేరి గదిలో గ్రంథాలయం పెట్టినప్పుడు ఆయన వచ్చారు. రెండు బీరువాలు, ఒక బల్ల, ఒక జంపఖానా, అంతే. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకుంటూ హాయిగా ఉండొచ్చు కదా! ఉండలేదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఊరివాళ్లను కూర్చోబెట్టి కథలు కట్టడం నేర్పించేవారు. కాగితాల్లో దానికి పెద్ద పేరేదో ఉండేది. మేం మాత్రం కథల బడి అనేవాళ్లం. బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకునే వచ్చి కూర్చునేవారు. సారు మధ్యలో ఏదో ఒకటి పెట్టేవారు. చెవి పోయిన తాళమో, తెగిన చెప్పో. దాని మీద అక్కడికక్కడే కథ చెప్పాలి.

నేనప్పుడు ఏడో తరగతి. జత చెప్పును వెతుక్కుంటూ ఒంటి చెప్పు మానేరు వాగు దాటిపోయిన కథ చెప్పాను. అందరూ పడీ పడీ నవ్వారు. నేను గర్వంగా సారు వైపు చూశాను.

"నవ్విన్రు, మంచిగనే ఉన్నది. రేపు పొద్దుగాల ఎవలకు యాదుంటదో చూద్దాం" అన్నారాయన.

ఊరికే అన్నారనుకున్నాను. తెల్లారి నిజంగానే బావి దగ్గరికి వెళ్లి, నెత్తిన బిందెలున్న ఆడవాళ్లను నిలబెట్టి, "నిన్నటి కథ ఇంట్ల ఎవలకన్న చెప్పిన్రా?" అని అడిగారు. ఒక్కరూ చెప్పలేదట. ఆ మాట తెచ్చి మళ్లీ నాకే చెప్పారు! "నీ నోట్లె ఉన్నన్ని దినాలు అది కథ గాదు బిడ్డా. విన్నోల్లు ఇంకొకలకు చెప్తెనే కథ." ఆ రాత్రి అన్నం తినలేదు నేను. కానీ మరుసటి ఆదివారం అందరికంటే ముందు వెళ్లి కూర్చున్నది కూడా నేనే.

నా పెళ్లయి చొప్పదండి వచ్చాక పై ఆఫీసు నుంచి ఆయనకు కాగితం వచ్చింది. ఈ కథల బడి వల్ల జనానికి ఏం లాభం కలిగిందో రాసి పంపండి, లాభం లేకపోతే ఆపేయండి అని. ఇంకొకరైతే కుర్చీలోంచి లేవకుండానే 'అందరూ ఎంతో లాభపడ్డారు' అని రాసి పడేసేవారు. మా సారు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. గొడుగు, నోటుబుక్కు పట్టుకుని, బడికి వచ్చినవాళ్లను పేరుపేరునా అడగడానికి బయల్దేరారు. పెళ్లిళ్లయి పోయిన మమ్మల్నీ వదల్లేదు.

వచ్చేది ఎప్పుడు వచ్చారు? నాట్లు ముమ్మరంగా పడుతున్న రోజుల్లో. అత్త అరుగు మీద కూర్చుని ఉంది. మోకాళ్ల నొప్పులతో ఆమె పొలానికి వచ్చేది కాదు. కానీ "మాటలు చెప్పుకుంట నాటేస్తే పని సాగదు" అని రోజూ నాకు చెప్పి పంపేది. ఆమె ముందరే సారు కాగితం సంగతంతా దాచకుండా చెప్పి, "కథలు చెప్తున్నవా బిడ్డా?" అని అడిగారు.

చెబుతున్నాను. రోజూ చెబుతున్నాను. నాటేసే ఆడవాళ్లు నా పక్క వరుస కోసం పోట్లాడుకుంటున్నారు. కానీ అత్త నా మొహంలోకే చూస్తోంది.

"లేదు సారు. పనికే సరిపోతది" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, నోటుబుక్కులో 'లేదు' అని రాసుకున్నారు. అత్త ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయారు.

మిగతావాళ్లలోనూ చాలామంది అదే మాట అన్నారట. అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాసి పంపారు. నెల తిరక్కుండా కథల బడి ఆపేశారు. అట్లాంటి కాగితం తన చేతులారా ఎవరైనా పంపుకుంటారా చెప్పండి!

పుట్టింటికి వెళ్లినప్పుడు నేరుగా గ్రంథాలయానికే పోయాను. చినిగిన పుస్తకాన్ని దబ్బనంతో కుడుతున్నారు.

"సారు, ఆనాడు అబద్ధమాడిన. రోజు కథలు చెప్తున్న" అన్నాను.

"ఎర్కే" అన్నారు తలెత్తకుండా.

నాకు ఒళ్లు మండింది. "ఎర్కుండి గూడ లేదని రాసిన్రా?"

"నువ్వు లేదంటివి, లేదని రాసిన. ఉన్నదని మీ అత్త ముంగట చెప్పే ధైర్నం నా బడి నీకు ఇయ్యలే. అది గూడ రాయాలె గద బిడ్డా."

మళ్లీ వస్తానని కూడా చెప్పకుండా వచ్చేశాను. తప్పు నాదేనని తెలిసే కోపం ఆయన మీద పెట్టుకున్నాను. ఒకరోజు వెళ్లి క్షమించమని అడగాలనుకుంటూనే ఇన్నేళ్లు గడిపాను. ఇక అడగడానికి ఆయన లేరు. ఈ ముక్క రాస్తుంటే నిజంగా ఏడుపొస్తోంది.

ఆయన దినాలకు వెళ్లి నిన్న మధ్యాహ్నం ఇల్లు చేరాను. అత్త వాకిట్లో కూర్చుని రాయితో చింతపండు కొట్టి గింజలు తీస్తోంది.

"ఏమైతడే ఆయన నీకు? చుట్టమా, పక్కమా?" అంది.

నిలబడే చెప్పాను. ఆనాడు గొడుగు పట్టుకుని వచ్చి మజ్జిగ తాగి వెళ్లిన సారేనని, నాకు కథలు కట్టడం నేర్పింది ఆయనేనని చెప్పాను. ఆ రోజు నీకు భయపడి అబద్ధమాడానని, రోజూ పొలంలో కథలు చెబుతూనే ఉన్నానని చెప్పాను.

అత్త విసురుగా అంది: "నాటేసేటోల్లందరికి చెప్తివి. ఇంట్ల కూసున్నదానికి ఒక్కటన్న చెప్పకపోతివి!"

కొట్టని చింతపండు గంప నా వైపు తోసింది. ఆమె ఎదురుగా కూర్చుని, అలిగి పొలానికి రానని ఇంట్లో కూర్చున్న నాగలి కథ మొదలుపెట్టాను.

"అబద్ధం. నాగలెక్కడన్న అలుగుతదా?" అంది అత్త.

నేను ఆగిపోయాను. ఆమె చేతిలో ఎత్తిన రాయి చింతపండు మీద పడకుండా అట్లాగే గాలిలో ఉంది.

"ఆగినవేందే? ఎట్ల లేవగొట్టిన్రు దాన్ని?"