కత్తిరించని రెక్క

2004 వేసవిలో, అమెరికాలో నేను పనిచేసే రాష్ట్ర మత్స్య శాఖ నన్ను సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న పరిశోధన కేంద్రానికి సీనియర్ బయాలజిస్టుగా బదిలీ చేసింది. అప్పగించిన పని ఒకటే. ఆ తీరంలో లేక్ ట్రౌట్ అనే చేప తన సంతతిని తానే నిలబెట్టుకుంటోందా, లేక మేము ఏటా చేపపిల్లల్ని వదలబట్టి బతుకుతోందా తేల్చాలి.

నేను తెనాలిలో బట్టల కొట్టు వారి అబ్బాయిని. చేప రుచి ఎరగను. "తినని సరుక్కి ఇంత బేరమెందుకండీ?" అని మా ఆవిడ సుశీల ఎగతాళి చేసేది. ఆశ లేనివాడికే నాణ్యం తెలుస్తుందని బుకాయించేవాణ్ణి.

నాణ్యమైన చేపే అది. బూడిదాకుపచ్చ ఒంటి మీద లేత చుక్కలు, పొట్ట కింది రెక్కలకు తెల్లటి అంచు. మంచి పట్టుచీరకైనా అంత పొందికైన అంచు నేను చూడలేదు. ఎముకలు కొరికే చల్లని నీళ్ళలో తొందర లేకుండా ఏళ్ళ తరబడి పెరుగుతుంది. శరత్కాలంలో నీటి అడుగు రాతిదిబ్బల సందుల్లో గుడ్లు వదిలి వెళ్ళిపోతుంది. పైన సరస్సు గడ్డకట్టినా ఆ గుడ్లు వసంతం దాకా ఓపిక పడతాయి.

మితిమీరిన వేట వల్లా, సముద్రం వైపు నుంచి వచ్చి చేరిన లాంప్రే అనే రక్తం పీల్చే జీవి వల్లా ఈ జాతి ఒకప్పుడు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అప్పటినుంచి హేచరీ తొట్లలో పిల్లల్ని పెంచి సరస్సులో వదిలేవారు. వదిలేముందు ప్రతి పిల్లకీ తోక దగ్గర వీపు మీదుండే చిన్న కొవ్వు రెక్కను కత్తిరిస్తారు. అది మళ్ళీ మొలవదు. కొట్టువాడి ముద్ర లాంటిదన్నమాట. వలలో పడ్డ చేపకు ఆ రెక్క నిక్షేపంగా ఉంటే అది సరస్సులోనే పుట్టినట్టు.

సహజ చేపలే ఎక్కువని తేలితే పిల్లల్ని వదలడం ఆపేస్తారు, హేచరీలో ట్రౌట్ తొట్లు ఎండబెడతారు. ఆ తొట్ల వెనక సగం జీవితం గడిపినవాడు హేచరీ మేనేజర్ కార్ల్. మా తొలి సర్వేలో సహజ చేపలే ఎక్కువ పడ్డాయని చెబితే అతను నవ్వాడు.

"వల నువ్వేస్తే నీ చేపలే పడతాయి రావ్."

మా నాన్నగారిది ఒక పద్ధతి ఉండేది. కొలత మీద అనుమానపడే బేరగాడితో వాదించేవారు కాదు. గజంబద్ద అతని చేతికే ఇచ్చేవారు. అది గుర్తొచ్చింది. నాకు కావలసింది ఒక్క దిబ్బే అయినా, మూడు దిబ్బల మీద మళ్ళీ వలలేద్దామని కార్ల్‌ని అడిగాను. అతను బిగదీసి ఒక్కదానికే ఒప్పుకున్నాడు, నన్ను ఓడించినంత సంతోషంగా. ఏ దిబ్బో నువ్వే చెప్పు, చేపలు కూడా నువ్వే చూడు అన్నాను.

"ఇందులో నీకేం లాభం?" అన్నాడు అనుమానంగా.

"చలికి వణకడం," అన్నాను.

అక్టోబరు చివర, అతను ఏళ్ళుగా పిల్లల్ని వదిలిన చోటికి దగ్గరి దిబ్బ మీదే వలలు వేశాం. మర్నాడు పొద్దున్నే తీశాం. నేను పడవ అంచు పట్టుకుని నిలబడ్డాను. కార్ల్ గ్లవ్స్ తీసేసి ఒక్కో చేప వీపు మీద బొటనవేలు రాశాడు. మొదటిదానికి రెక్క ఉంది. రెండోదానికీ ఉంది. తరువాతివాటికీ ఉంది, ఒక్కోదానికీ తల ఊపసాగాడు.

చివరి వలలో ఒక ముసలి చేప వచ్చింది. తోక దగ్గర వీపు నున్నగా ఉంది, రెక్క లేదు. కార్ల్ దాన్ని రెండు చేతుల్లో ఎత్తి చూశాడు.

"ఇది నాది," అన్నాడు. మిగతా చేపల వైపు చూసి, "ఇవి దీని మనవలేమో. మనం దారి చూపించకుండానే దిబ్బ వెతుక్కున్నాయి," అన్నాడు. దాన్ని తనే నీళ్ళలోకి జారవిడిచాడు.

శాఖ సమావేశానికి నేను గట్టి వాదనలే సిద్ధం చేసుకు వెళ్ళాను. అవసరం పడలేదు. నాకంటే ముందు కార్ల్ లేచి, ఆ తీరంలో పిల్లల్ని వదలడం ఆపమని ప్రతిపాదించాడు. ఆ శీతాకాలమే తొట్లు ఎండబెట్టారు. తరువాతి సర్వేల్లోనూ చేపలు తగ్గలేదు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ప్రతి సర్వేకీ అదే పద్ధతి పాటించాను. ఫలితం ఎవరికి నచ్చదో వాళ్ళనే ముందు పడవ ఎక్కించాలి.