వెనక బెంచీలో గొడుగు

మా హెడ్మాస్టరు జయరామప్ప సారుకు ఒకటే జబ్బు: తనిఖీ. టీచర్లను ఏడాదికొకసారి చూస్తే చాలని ప్రభుత్వం అనుకుంది. రోజూ చూడాలని ఆయన అనుకున్నాడు. "మాగబెట్టిన మామిడికాయను ఏడాదికొకసారా నొక్కి చూసేది?" అని టీచర్లమైన మమ్మల్నే గదమాయించేవాడు.

హోసూరు పక్కన మా తెలుగు బడి. తొంభైల చివరి రోజులు. సారు గొడుగు చంకన పెట్టుకుని ఏదో ఒక క్లాసులో దూరి, వెనక బెంచీ మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చునేవాడు. పాఠం ఊపందుకోగానే దగ్గేవాడు. ఆ వెంటనే గొడుగు దబ్బున కిందపడేది. నాకు ఒళ్లు మండిపోయేది.

కొత్తగా వచ్చిన నాగరత్నం పాఠం చక్కగా చెప్పేది. వెనక పెద్దవాళ్లు కూర్చుంటే మాత్రం గొంతు పెగలదు. మొదటి ఏడాది ప్రభుత్వ తనిఖీలో నోట మాట రాక నిలబడిపోయింది. వచ్చే ఏడూ అట్లే అయితే ఉద్యోగం ఖాయం కాదు. అది తెలిసి కూడా సారు మర్నాటి నుంచి మమ్మల్నందరినీ వదిలేసి ఆమె క్లాసులోనే తిష్ఠ వేశాడు.

"ఏమమ్మా, గొంతు యాడ పెట్టొచ్చినావు? ఈడికి వినబడలే!"

పాపం, ఏడ్చేసింది. నేను పోట్లాటకు పోయాను.

"ఆ పిల్లనెందుకు సార్ అట్ల చంపుతారు?"

"చూసేకి పోయినానప్పా, చంపేకి కాదు."

నెలలు గడిచేకొద్దీ ఆమెకు ఏడుపు పోయి విసుగు వచ్చింది. గొడుగు పడినా తిరిగి చూడడం మానేసింది.

తనిఖీ అధికారి రానే వచ్చాడు. వెనక బెంచీలో కూర్చున్నాడు. మేము, సారు కిటికీ బయట నిలబడి చూస్తున్నాము. లెక్క మధ్యలో ఆయన దగ్గాడు. ఒళ్లోని ఫైలు దబ్బున కిందపడింది.

"ఈ లెక్క ముగియనీండి సార్, ఆమీట దగ్గుదురు" అంది నాగరత్నం, బోర్డు మీద నుంచి చూపు తిప్పకుండానే.

అధికారి ఫైలు తీసుకుని బుద్ధిగా చేతులు కట్టుకున్నాడు. బయటికొచ్చాక, "ఇంత ధైర్యం ఎవరు నేర్పినారప్పా ఈమెకు?" అని సారును అడిగాడు. సారు గంభీరంగా గొడుగు సర్దుకున్నాడు.

ఉద్యోగం ఖాయమైంది. ఆ మర్నాడు ఆమె క్లాసులో వెనక బెంచీ ఖాళీ. తనే వచ్చి అడిగింది.

"మా క్లాసుకు రాలేదేం సార్?"

"మాగిన కాయను ఇంకా నొక్కితే చెడిపోతుంది తల్లీ."

అప్పటికి గాని నాకు ఆయన అర్థం కాలేదు. ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది. ఆ ప్రేమతోనే మధ్యాహ్నం నా క్లాసులో పాఠం మొదలుపెట్టాను. వెనక ఎవరో దగ్గారు. గొడుగు దబ్బున పడింది.