తాళ్ళతో గీసిన ఊరు

హాలిఫాక్స్‌లో పొగమంచు సముద్రం మీంచి వస్తుంది. చప్పుడుండదు. కిటికీలోంచి చూస్తుండగానే ఎదురింటి కప్పు పోతుంది, తర్వాత చెట్టు పోతుంది, చివరికి మన ఇంటి మెట్లు కూడా పోతాయి. అలాంటి మంచులోనే ఒక పొద్దున నేను రోమన్ల ఊరు చూసి వచ్చాను. సిటీ బస్సులో వెళ్ళి, సిటీ బస్సులోనే తిరిగొచ్చాను.

చదువుల కోసం మన పిల్లలు ఈ దేశానికి వరదలా వచ్చిపడుతున్న రోజులవి. ఏ బస్సెక్కినా వెనక సీట్లో తెలుగు వినబడేది. మా అమ్మాయి, అల్లుడు తమ ఇంటి బేస్‌మెంట్‌ని గుంటూరు నుంచి వచ్చిన ఒక పిల్లకు అద్దెకిచ్చారు. టూరిజం కోర్సు చదివేది. దీపాలు ఆర్పదు, వేడినీళ్ళు వదిలేస్తుంది, రాత్రి అన్నం పారేస్తుంది. మొదట్లో ఆ పిల్లతో నాకు రోజూ పోట్లాటే. మిగిలిన అన్నం పులిహోర కలపడం నేర్చుకున్నాక కాస్త నచ్చింది.

కోర్సు అయిపోవస్తుండగా ఆ పిల్లకు ఒక పని దొరికే దారి కనబడింది. ఇటలీలో రోమన్ల నాటి ఊళ్ళను ఏళ్ళ తరబడి తవ్విన పురావస్తు శాస్త్రం మేడమ్ ఒకావిడ ఇక్కడ ఉంది. అంత దూరం వెళ్ళి శిథిలాలు చూడలేని వాళ్ళ కోసం, ఒక గడ్డి మైదానంలో మేకులు కొట్టి, తెల్లతాళ్ళు కట్టి, తను తవ్విన వీధినంతా అదే కొలతల్లో నేల మీద పరిచింది. శనివారాలు జనాన్ని అందులో తిప్పి చూపిస్తుంది. ఆమెకు తోడు గైడ్ కావలసి వచ్చింది. ఒక శనివారం మన పిల్ల తిప్పి చూపించాలి. నచ్చితే పని ఇస్తుంది. నచ్చకపోతే పిల్ల వాన్ అనే దూరపు ఊరికి వెళ్ళిపోవాలి. అక్కడ వేర్‌హౌస్‌లో పనిచేసే వాళ్ళ పెద్దమ్మ కొడుకు అప్పటికే గది చూసి ఉంచాడు.

"పెట్టెలు సర్దుకు బతకడం తప్పేం కాదే" అన్నాను.

"తప్పని నేనన్నానా బామ్మగారూ? నాకు మనుషులతో మాట్లాడటం ఇష్టం. అక్కడెవరితో మాట్లాడను, అట్టపెట్టెలతోనా?"

మనుషులతో మాట్లాడతానన్న పిల్ల తయారైంది మాత్రం మన పద్ధతిలోనే: బట్టీ. మేడమ్ ఇచ్చిన కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటి నుంచే రావాలి. నేను చదివింది మూడో తరగతి వరకే అయినా ఎక్కాలు నాకూ అలాగే వచ్చాయి, అందుకని తప్పనిపించలేదు. నేను కూర తరుగుతుంటే ఎదురుగా నిలబడి తెలుగులో ఒప్పజెప్పేది.

"ఇది గుమ్మం. లోపల పెద్ద హాలు. హాలు మధ్యలో కప్పుండదు. వానంతా కింద తొట్టిలో పడుద్ది."

"మండువా అను."

"ఇంగ్లీషోళ్ళకి మండువా అంటే ఏం తెలుసండీ?"

"నాకు చెప్పేటప్పుడు అనవే. కప్పు లేదంటే ఇల్లు సగంలో ఆపేశారనుకుంటాను."

మండువా ఇల్లు నాకు తెలుసు. మా అమ్మ అలాంటి ఒక ఇంట్లో వంట చేసేది. నేను ఆమె వెంట పెరటి దారిన వెళ్ళి వంటింటి తలుపు దగ్గర కూర్చునేదాన్ని. దూరాన మండువాలో వెలుగు తెల్ల దుప్పటి ఆరేసినట్టు దిగి ఉండేది. అక్కడికి వెళ్ళొద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు.

శనివారం పొద్దున పిల్ల నా చెయ్యి వదల్లేదు. "నా మనిషంటూ ఒక్కరైనా ఉండాలి, రండి బామ్మగారూ." వెళ్ళాను. మైదానమంతా పొగమంచు. తాళ్ళు కొద్ది దూరం వరకే కనబడి, ఆపైన కరిగిపోతున్నాయి. వచ్చినవాళ్ళు ఎక్కువ మంది నా వయసువాళ్ళే. ఒకాయన కుక్కను కూడా తెచ్చుకున్నాడు. మేడమ్ రబ్బరు బూట్లు వేసుకుని అందరికన్నా వెనక నడిచింది.

పిల్ల కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. రైలు కూత వేసి బయల్దేరినట్టే ఉంది. కుక్క ఆయన చెయ్యెత్తి ఏదో అడిగాడు. పిల్ల మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది, అదే నమస్కారంతో సహా. ఇంకొకావిడ ఏదో అడిగింది. మళ్ళీ మొదటికే. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మేడమ్ చేతులు కట్టుకుంది. ఇక వాన్ వెళ్ళడమే అనుకున్నాను.

ఎలాగో ఇంటి గుమ్మం దగ్గరికి చేరాం. గుమ్మమంటే రెండు తాళ్ళ మధ్య ఖాళీ. నేను బూట్లు విప్పి బయట పక్కన పెట్టి, కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్ళాను. ఆలోచించి చేసింది కాదు. గడ్డి తడి చల్లగా మేజోళ్ళలోకి ఇంకింది. నాలుగు తాళ్ళ మధ్య, తొట్టి ఉండాల్సిన చోటికి కాస్త ఇవతల నిలబడ్డాను. అక్కడ మంచు పలచబడి పైనుంచి వెలుగు దిగుతోంది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తల ఎత్తితే కప్పు అంచులు కనబడతాయేమో అనిపించి ఎత్తలేదు.

అంతలో బూట్లు గుర్తొచ్చాయి. మంచి తోలువి, మంచులో నానిపోతే ఇంకో చలికాలానికి రావు. దగ్గర దారి కదా అని అడ్డంగా బయల్దేరాను.

"బామ్మగారూ! ఆగండి! అది గోడ!"

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాను. ముందు తాడు కూడా సరిగ్గా కనబడటం లేదు, అయినా కాలు దించలేకపోయాను.

"మరి నా బూట్లో?"

"గుమ్మంలోంచే వెళ్ళాలి. ఇటు తిరగండి. తొట్టి! తొట్టిలో కాలేస్తారు, చూసుకోండి!"

కుక్క ఆయన ఏమైందని అడిగాడు. పిల్ల ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఏదో చెప్పింది, అందరూ పకపకా నవ్వారు.

"ఏమన్నావే నా గురించి?"

"గోడకి ఎర్రరంగు కొత్తగా వేశారు, మా బామ్మగారి చీర పాడవుద్దని ఆపానన్నాను."

ఆ తర్వాత పిల్ల మళ్ళీ మొదటికి పోలేదు. అడిగినవాళ్ళ మొహం చూస్తూ మాట్లాడింది. ఇక్కడ వంట, ఇక్కడ పడక, ఇక్కణ్ణించి వీధిలో రొట్టెల కొట్టు అని చెయ్యి చాపుతుంటే, ఆ చేతి చివర మంచులోంచి ఒక్కొక్క గది లేచి నిలబడుతున్నట్టుంది. మాటలు నాకు అర్థం కాకపోయినా ఏ గదిలో ఉన్నానో తెలుస్తూనే ఉంది. ఎవరూ తాడు దాటలేదు. గుమ్మాల్లోంచే వెళ్ళారు. కుక్క ఆయన కుక్కను తొట్టి చుట్టూ తిప్పి తీసుకెళ్ళాడు.

అంతా అయ్యాక మేడమ్ దగ్గరికొచ్చి పిల్లతో ముక్తసరిగా ఏదో చెప్పి వెళ్ళిపోయింది. పిల్ల మొహం చూస్తే ఎటూ తేలడం లేదు.

"ఏమందే?"

"ఆ గోడ ఎరుపు కాదంట. తవ్వినప్పుడు పసుపు రంగు దొరికిందంట. వచ్చే శనివారం సరిగ్గా చెప్పమంది."

"వచ్చే శనివారమా?"

"ఆ తర్వాతవి కూడా బామ్మగారూ" అంటూ నన్ను గట్టిగా పట్టుకుంది. నలుగురిలో ఇవేం పనులని కసిరాను.

అక్కడే వాన్‌కు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఆ రూమ్ ఇంకెవరికైనా ఇచ్చెయ్. నాకిక్కడ జాబ్ వచ్చింది... ఇళ్ళు చూపించే జాబ్... రియల్ ఎస్టేట్ కాదు నాయనా! పాతిళ్ళు... లేదు, ఎవరూ ఉండట్లేదు."

మాట్లాడుతూనే నడుస్తోంది. తాళ్ళు అయిపోయాయి. బస్టాపు ఎడమ చేతి వైపు, గడ్డికి అడ్డం పడితే దగ్గరే. ఇద్దరం అటు తిరగకుండా, రెండు పక్కలా ఇంకా ఇళ్ళున్నట్టే, మంచులో తిన్నగా వీధి మధ్యన నడుచుకుంటూ పోయాం.