తెగని బోల్టు

రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు నన్ను హైదరాబాద్‌లోని ఒక లోహ పరీక్షశాలకు వేశారు. అణు రియాక్టర్‌లో ఉండేంత వేడి, ఒత్తిడి ఉన్న శుద్ధమైన నీటిని గొట్టాల్లో తిప్పుతూ, అందులో నికెల్ మిశ్రమాలు ఎంతకాలం తట్టుకుంటాయో చూడటం అక్కడి పని. నికెల్‌కు తుప్పు పట్టదని పేరు. కానీ బిగింపు లాగుడులో ఉన్న నికెల్ మిశ్రమం ఆ నీటిలో ఏళ్ల తరబడి ఉంటే, పైకి మెరుస్తూనే లోపల పగులుతుంది. ఈ పగుళ్ల మీద మా విభాగాధిపతి ఫాతిమా మేడంకి ఉన్నంత పట్టు నేను మరొకరిలో చూడలేదు.

ఆ ఏడు ఒక నికెల్ బోల్టు తెగి పరీక్ష మొత్తం ఆగిపోయింది. దాన్ని బిగించింది కాంట్రాక్టు ఫిట్టర్ గోప్యా, నస్రుల్లాబాద్ దగ్గరి తండా మనిషి. అతిగా బిగించాడు కాబట్టి పనిలోంచి తీసేయాలని మా పరీక్ష ప్లాంట్ ఇన్‌చార్జి పట్టుబట్టాడు. పైగా ఆ పెద్దమనిషి, తెగిన రెండు ముక్కలూ సరిపోతాయో లేదో అని ఒకదానికొకటి ఆనించి తిప్పి చూశాడు. మా వృత్తిలో అంతకు మించిన పాపం లేదు. ఎందుకు తెగిందో చెప్పే, తెగిన ముఖం మీది జాడలన్నీ ఆ రాపిడికి చెరిగిపోతాయి. చదువుకున్నవాళ్లకే ఈ సరదా ఎక్కువ.

మేడం నాట్ల కోసం సెలవు పెట్టి, నస్రుల్లాబాద్‌కు దగ్గర్లోనే ఉన్న సొంతూరు బాన్సువాడలో ఉన్నారు. తప్పు గోప్యాదేనని తయారైన రిపోర్టు మీద సంతకం కోసం నేను బస్సెక్కాను. నిజాంసాగర్ కాలువ పక్కన, పొలం గట్టు మీదే నిలబడి మేడం తెగిన ముక్కల ఫోటోలన్నీ చూశారు. బిగింపును కొలిచే పానాతోనే బిగించానని గోప్యా అంటున్నాడని చెప్పాను. తమ వైపు మనిషిని మేడం వెనకేసుకొస్తారని ఆఫీసులో అనుకుంటున్నారని కూడా చెప్పాను.

"మనోడని రాయ, కానోడని రాయ," అన్నారు. "గా తెగిన దాన్ని ఇగ ఏం అడుగుతం, దాని నోరు మూసేసిండ్రు గద. వేరేటోళ్లు బిగించింది, తెగంది, గదే బ్యాచ్‌ది ఒకటి విప్పించు. కోసి చూద్దాం."

సంతకం పెట్టలేదు.

మంచి బోల్టును పాడుచేస్తారా అని ఇన్‌చార్జి గొణిగాడు. అయినా విప్పించాం. కోసి, అద్దంలా పాలిష్ చేసి, ఆసిడ్ పట్టించి మైక్రోస్కోప్ కింద పెట్టాం. వేరేవాళ్లు బిగించిన ఆ బోల్టులోనూ లోహపు రేణువుల అంచుల వెంట, కొమ్మలు వేస్తూ సన్నని పగుళ్లు కనిపించాయి. మేడం తిరిగొచ్చి స్వయంగా చూసి, తప్పు బిగించిన చేతిది కాదు, రేణువుల అంచులు బలహీనపడేలా ఆ బ్యాచ్‌ను వేడిచేసి చల్లార్చిన పద్ధతిదని రాశారు. బోల్టులన్నీ మార్పించారు. కొత్తవి బిగించడానికి గోప్యానే పిలిపించారు. ఆమె దగ్గర పనిచేయడం నా అదృష్టమని ఆ రోజు అనిపించింది.

తెగినదాన్ని ఒక్కదాన్నే చూస్తే ఎవరో ఒకరి తప్పు కనిపిస్తుంది. తెగనిదాన్ని కూడా కోసి చూడకుండా, ఆ తర్వాత నేను ఏ మనిషి మీదా రిపోర్టు రాయలేదు.