గొడుగు గోవిందు కోసం పలమనేరు దాకా

తిరుపతి నుంచి పలమనేరుకు పోయేవాళ్ళకు మామూలుగా ఏదో ఒక పని ఉంటుంది. ఆవుల బేరమో, టమోటాల బేరమో, పెళ్ళిచూపులో. నేను మాత్రం ఒక బొమ్మల పుస్తకం కోసం పోయాను. బళ్ళో పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి, పనిగట్టుకుని శనివారం సెలవు పెట్టి, బొమ్మల పుస్తకం వెతుక్కుంటూ మూడు ఊళ్ళు తిరిగిందంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వండి, నాకేం కోపం లేదు. కాకపోతే ముందు మా అన్న సంగతి వినండి.

మా అన్న రవి తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో కౌంటరు చూసుకునేవాడు. నోరు మూతపడేది కాదు. రూములు లేవని చెప్పి పంపించినా సరే, యాత్రికులు ఆ మాటలకు నవ్వుకుంటూ పోయేవాళ్ళు. పోయిన ఏడాది వానల్లో మెదడుకు జ్వరం వచ్చింది. నెల పైన ఆసుపత్రిలో పడున్నాడు. ప్రాణం దక్కింది, అంతే. ఇప్పుడు తింటాడు, నడుస్తాడు, అడిగినదానికి జవాబు చెబుతాడు. ఎవరెవరో మాత్రం తెలియదు. కట్టుకున్న పెళ్ళాన్ని పట్టుకుని 'ఏమండీ' అంటాడు. నన్ను 'పాపా' అని తప్ప ఏనాడూ పేరు పెట్టి పిలవని మా అన్న, ఇప్పుడు వీధిలో పోయే ఆవిడను పిలిచినట్టు 'అమ్మా' అంటాడు. చిన్నప్పుడు ఇష్టపడినవి చూపించండి, ఎక్కడో ఒకచోట తగులుకోవచ్చు అన్నాడు డాక్టరు. పెళ్ళి క్యాసెట్టు వేశాం, ఫోటోలన్నీ ముందర పరిచాం, చనిపోయిన మా నాయన కండువా చేతికిచ్చాం. మర్యాదగా చూసి మర్యాదగా తిరిగి ఇచ్చేశాడు. ఇంక మిగిలింది గొడుగు గోవిందు ఒక్కడే.

గోవిందు ఎవరని మీరడుగుతారని తెలుసు. ఎవరిని అడిగినా తెలియదనే అంటారు. మేము చిత్తూరులో ఉన్నప్పుడు, అంటే తొంభైల మొదట్లో, మా నాయన బెల్లం లోడు లారీ తోలేవాడు, గుడియాత్తానికీ వేలూరుకీ. తిరిగొచ్చేటప్పుడు అక్కడి పాత పేపర్ల అంగళ్ళలో అరవం బొమ్మల పుస్తకాలు నాలుగైదు తీసుకొచ్చి మా ఒళ్ళో పడేసేవాడు. ఇంట్లో ఎవరికీ అరవం అక్షరం ముక్క రాదు. అది అడిగితే నాయన, "బొమ్మలుండాయి గదా, సూసుకోండి" అనేవాడు. అన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పేజీ మీద వేలు పెట్టి తెలుగులో 'చదివేవాడు'. నిజంగానే చదువుతున్నాడని రెండో తరగతి దాకా నమ్మాను. అందులో పొట్టాయన, పొట్టాయన కంటే లావు మీసం, నల్లకోటు, చంకలో గొడుగు. ఆయనే గోవిందు. సొంతూరు పుత్తూరు, ఉద్యోగం బస్సుల్లో చెకింగు ఇన్స్పెక్టరు. టికెట్టు లేని దొంగలను గొడుగు కొక్కేనికి తగిలించి కిందికి లాగేస్తాడు. ఆయనకు పగవాడు తెల్లచొక్కా తిమ్మడు. చూడ్డానికి దొరబిడ్డలా ఉంటాడు గానీ, చిత్తూరు మామిడికాయలన్నీ రాత్రికి రాత్రి మాయం చేసి మద్రాసులో అమ్ముకునే దుర్మార్గుడు. తర్వాత ఇల్లు మారినప్పుడు ఆ పుస్తకాలన్నీ పాత పేపర్లతో పాటు తూకానికి పోయాయి.

పొద్దున ఆరున్నరకు తిరుపతిలో చిత్తూరు బస్సు ఎక్కాను. టికెట్టు ముప్పై చిల్లర. పొద్దున పూట పోయేవాళ్ళు కుడివైపు సీట్లో కూర్చోండి, ఎండ మొహాన కొట్టదు. చంద్రగిరి దాటేదాకా యాత్రికుల సందడి, తర్వాత కాలేజీ పిల్లలు, పూతలపట్టు దగ్గర పాల క్యాన్లు. రెండు గంటలు పట్టదు. చిత్తూరు బస్టాండు ఎదురుగా పొంగలి తిన్నాను, బాగుంది, మిరియాలు మాత్రం కొంచెం ఎక్కువ. అక్కడి నుంచి బజారు వీధికి నడిచి పోవచ్చు, ఆటో దండగ.

మా చిన్నప్పటి పాత పేపర్ల అంగడి ఇంకా అక్కడే ఉంది. అంగడాయన తక్కెడ పక్కన కూర్చుని పేపర్లు కట్టలు కడుతున్నాడు. అరవం బొమ్మల పుస్తకాలు ఉన్నాయా అన్నా అని అడిగితే తలెత్తి చూడను కూడా చూడలేదు.

"యాడుంటాయమ్మా? అన్నీ అట్టల మిల్లుకు పోయినాయి. ఇప్పుడు పిల్లోళ్ళు టీవీ ముందర నుంచి లేస్తే గదా."

"పొట్టాయన, నల్లకోటు, గొడుగు పట్టుకుని ఉంటాడు. అదొక్కటైనా చాలు."

అప్పుడు తాడు వదిలేసి నా వైపు చూశాడు. "గొడుగు పొట్టాయనా? ఉండు ఉండు. పలమనేరులో సెలూనాయన ఒకాయన ఉండాడు. కటింగుకు వచ్చినోళ్ళు కూచోని సూసుకుంటారని నా తావ ఒక కట్ట ఎత్తకపోయినాడు. అందులో ఉన్నెట్టు గుర్తు. శానా ఏండ్లయింది. సినిగి యాడ పోయినాయో ఏమో, పోయి అడిగి సూడు." సెలూను ఏ వీధిలో ఉందో కూడా చెప్పాడు.

పలమనేరుకు గంటన్నర లోపే. బంగారుపాళ్యం దాటాక మొగిలి ఘాటు ఎక్కుతుంటే గాలి మారిపోతుంది, చెవులకు చల్లగా తగులుతుంది. ఇంకో రోజయితే కిటికీలోంచి తల బయట పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆ రోజు ఘాటు మధ్యలో మా వదిన సుజాత ఫోను చేసింది.

"దొరికిందా?"

"ఇంకా లేదు వదినా. పలమనేరులో ఉండొచ్చంట."

వదిన మెల్లగా అంది, "పొద్దున కాఫీ ఇస్తా ఉంటే, 'మీ ఆయన ఏం పని చేస్తాడమ్మా' అని నన్నే అడిగినాడు." నేను ఏదో అనబోయేలోగా సిగ్నలు పోయింది. ఈ పుస్తకం కూడా పనిచేయకపోతే చూపించడానికి ఇంట్లో ఇంక ఏ వస్తువూ లేదు. పలమనేరు వచ్చేదాకా అదే ఆలోచన.

సెలూనులో ఆడమనిషి అడుగు పెడితే ఎట్లా ఉంటుందో తెలుసా? కత్తెర ఆగిపోయింది, రేడియో ఒక్కటే మోగుతోంది, కుర్చీల్లో ఉన్నవాళ్ళూ బల్ల మీద ఉన్నవాళ్ళూ అద్దంలోంచి నన్నే చూస్తున్నారు. సెలూనాయన, "ఏమ్మా, పిల్లోనికి కటింగా? పిల్లోడు యాడ?" అన్నాడు. పిల్లోడు లేడు, బొమ్మల పుస్తకం కావాలన్నాను. బల్ల మీద ఒకాయన కిసుక్కున నవ్వాడు. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, అంత దూరం వచ్చి సిగ్గుపడి వెనక్కి పోతే ఇంకా సిగ్గు. సెలూనాయన మంచివాడు, ఇంకేమీ అడగకుండా బల్ల కింది నుంచి దుమ్ము పట్టిన కట్ట లాగి నా ముందర పెట్టాడు. పేజీ తిప్పితే చాలు, మధ్యలోంచి ఎవరెవరి వెంట్రుకలో రాలుతున్నాయి. సగం కట్ట అయ్యేసరికి గోవిందు వచ్చాడు. అదే మీసం, అదే పొట్ట, అదే గొడుగు. అయ్యో దేవుడా, అట్ట మీద చెయ్యి పెట్టుకుని అంతమంది మగవాళ్ళ ముందర గట్టిగా ఏడ్చేశాను.

ఏమైందమ్మా అని అందరూ అడిగారు, చెప్పేశాను. అన్నకు జ్వరం రావడం, అన్న కథలు, అంతా. రేడియో ఎవరో ఆపేశారు. గడ్డానికి ఒకవైపు నురగ పూసుకున్న పెద్దాయన కుర్చీలోంచి చెయ్యి చాపాడు. "ఇట్లా ఇయ్యమ్మా. మాది గుడియాత్తం పక్కనే, నాకు అరవం సదవడం వస్తాది. కథ మొత్తం తెలుగులో చెప్తా, మీ అన్నకు నువ్వు చెప్పుకోవచ్చు." అంతకంటే ఏం కావాలి? ఇచ్చేశాను. నురగ ఆరిపోతున్నా పట్టించుకోకుండా నాలుగు పేజీలు తిప్పి నా వైపు చూశాడు.

"ఈ గొడుగాయన గజదొంగమ్మా. బ్యాంకులు దోస్తాడు. ఈ తెల్లసొక్కా ఆయన పోలీసాయన. కథ ఈయనదే."

"కాదన్నా. సరిగ్గా చూడండి. గొడుగాయనే మంచివాడు."

"ఏందమ్మా కాదనేది? ఈడ రాసుండాది గదా!" ఆయనకు కోపం రాలేదు, పాపం, వేలు పెట్టి ఒక్కో ముక్కా చదివి చెప్పాడు. పుత్తూరు లేదు, బస్సు లేదు, మామిడికాయలు లేవు. చివరి పేజీలో తెల్లచొక్కా తిమ్మడు గోవిందు చేతులకు సంకెళ్ళు వేశాడు. కథ అయిపోయింది.

పుస్తకం ఊరికే ఇచ్చాడు సెలూనాయన. "తీసకపో తల్లీ, ఈడెవురూ సూడ్డంల్యా, అందురూ సెల్లుతోనే ఆడుకుంటుండారు." వీధి చివర హోటల్లో సంగటి, కూర, ఊరిబిండి పచ్చడి ఇరవై రూపాయలకు పెడతారు, కడుపు నిండుతుంది. నాకు రెండో ముద్ద దిగలేదు. వడ్డించే ఆమె, "బాగలేదా అమ్మా? కూర మార్చేదా?" అంది. కూర బాగానే ఉందక్కా, నేనే బాగలేను అన్నాను. ఆమె మజ్జిగ గ్లాసు తెచ్చి పెట్టి పోయింది.

వచ్చేటప్పుడు పలమనేరు నుంచి తిరుపతికి నేరుగా బస్సులున్నాయి, మూడు గంటలు పైనే పడుతుంది. శనివారం బెంగుళూరు వైపు నుంచి వచ్చే బస్సులు కొండకు పోయేవాళ్ళతో కిక్కిరిసి ఉంటాయి. చిత్తూరు దాకా నిలబడే వచ్చాను. నిలబడి, ఒంటి చేత్తో ఆ చివరి పేజీనే చూస్తూ వచ్చాను. మా ఇంట్లో ఉన్న ప్రతి గోవిందు పుస్తకం చివరా ఇట్లాంటి బొమ్మే ఉండేది. ప్రతిసారీ నేను ఏడుపు అందుకునేదాన్ని. అన్న నా నోరు మూసి, "ఏడవొద్దు పాపా, కావాలనే దొరికినాడు. జైల్లో ఉండే దొంగల్ని ఎవురు పట్టుకోవాల మల్ల? లోపలికి పోతేనే గదా!" అనేవాడు. తర్వాతి పుస్తకంలో గోవిందు మళ్ళీ బయటే ఉండేవాడు, నేను చప్పట్లు కొట్టేదాన్ని. అట్ట మీద ఉన్నాడు గదా, కథానాయకుడు ఆయనే అని అన్న అనుకున్నాడు. అరవం రాని పదేళ్ళ పిల్లోడు ఇంకేమనుకుంటాడు? లేకపోతే దొంగ అని తెలిసే, నా కోసం మార్చాడా? అడగడానికి మనిషి ఉన్నాడు, అడిగితే చెప్పేవాడు మాత్రం లేడు.

ఇల్లు చేరేసరికి సాయంత్రం. అన్న వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చిన్నప్పటి మాదిరే ఎడమవైపు కింద కూర్చుని పుస్తకం అన్న ఒళ్ళో పెట్టాను. వదిన గరిటె చేతిలోనే పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. అన్న అట్ట తడిమాడు. నెమ్మదిగా ఒక్కో పేజీ తిప్పాడు. గొడుగు దగ్గర ఆగి చిన్నగా నవ్వాడు.

"గొడుగు బాగుండాది," అన్నాడు.

"ఎవరితను?" అన్నాను.

తిప్పుతూ తిప్పుతూ చివరి పేజీకి వచ్చాడు. చాలాసేపు చూశాడు. "దొరికిపోయినాడు," అన్నాడు.

"కావాలనే దొరికినాడేమో," అన్నాను.

అన్న నా వైపు తిరిగాడు. తెలియనివాళ్ళకు తెలియని సంగతి చెప్పేటప్పుడు పెట్టే మొహం పెట్టి, ఎంతో ఓపిగ్గా, "లేదమ్మా. దొంగ గదా. సంకెళ్ళేసినారు సూడు," అన్నాడు. పుస్తకం మూసి రెండు చేతులతో నాకు తిరిగిచ్చాడు. "మీ పిల్లోళ్ళదా? సినక్కుండా పెట్టుకోండి." వంటింట్లో వదిన కొళాయి తిప్పింది, అది చాలాసేపు పారుతూనే ఉంది.

నేనే చెబుదామనుకున్నాను. పుత్తూరు, చెకింగు, కొక్కెం అని మొదలుపెట్టి నాలుగు మాటలకే ఆగిపోయాను. తర్వాత ఏమిటో నాకూ తెలియదు. వందసార్లు విన్నాను, ఎప్పుడు కావాలంటే అప్పుడు అన్న చెబుతాడు గదా అని ఒక్కటీ పట్టి పెట్టుకోలేదు. పుస్తకం దొరికితే గోవిందు దొరుకుతాడనుకుని పోయాను. పుస్తకం దొరికింది, అందులో గోవిందు లేడు. ఎప్పుడూ లేడు. ఆయన ఉన్నది మా అన్న నోట్లో ఒక్కచోటే, మా అన్న ఇప్పుడు ఆ ఇంటికి తాళం పెట్టుకుని బయట కూర్చున్నాడు. డాక్టరు ఇంకా ఆశ ఉందంటాడు. నాకు లేదు. ఉందని వదినతో అంటున్నాను గానీ, లేదు.

పోయేవాళ్ళకు ఒక్క మాట చెప్పి ఆపుతాను. పలమనేరు సెలూనులో బల్ల కింద నేను చూడని సగం కట్ట ఇంకా ఉంది. మంగళవారం సెలవు, మిగతా రోజుల్లో మధ్యాహ్నం లోపల పోతే జనం తక్కువ. ఆడవాళ్ళయినా భయం లేకుండా పోవచ్చు. మీ చిన్నప్పటివాడు ఎవరైనా అందులో కనబడితే, బొమ్మలు మాత్రం చూసుకుని సంచీలో పెట్టుకుని వచ్చేయండి. ఏం రాసుందో చదివి చెప్పమని మాత్రం ఎవరినీ అడగొద్దు.